కోర్సు మారితే స్కాలర్‌షిప్ పెరుగుతుందా?

ప్రశ్న: మాది మైపాడు. నాన్న చేపల వేటకెళ్తారు. నేను బీకాం చివరి ఏడాది చదువుతున్నా. ఇప్పుడు బీఎస్సీ ఆక్వాకల్చర్‌కి మారితే స్కాలర్‌షిప్ ఇంకో మూడేళ్లు వస్తుందా సార్?

జవాబు: రాదమ్మా, ఆ పని చేయొద్దు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా కోర్సు మారితే, ఉన్న స్కాలర్‌షిప్పే రద్దు కావచ్చు. పోనీ బీకాం పాసయ్యాక చేరదామన్నా, అదే స్థాయిలో రెండో డిగ్రీకి ఇవ్వరు. పైచదువుకైతే ఇస్తారు. అందుకే బీకాం పూర్తిచేసి, పీజీసెట్ రాసి, కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో పీజీకి ప్రయత్నించు. రొయ్యల సాగు మీద మనసుంటే వదులుకోనక్కర్లేదు. ఆ రంగంలోనూ మేత బిల్లులూ, కౌంటు రేట్లూ, ఎగుమతి కాగితాలూ చూడ్డానికి కామర్స్ చదివినవాళ్లు కావాలి. ఈ ఏడాది హాజరు మాత్రం 75 శాతం కన్నా తగ్గనీయకు.