పొట్టునుండి పుట్టిన తైలము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అయోవా యను రాష్ట్రము కలదు. అందలి సీడర్ రాపిడ్స్ నగరమున క్వేకర్ ఓట్స్ కంపెనీవారి గొప్ప మిల్లు ఉన్నది. ఓట్సు మన వరివలె పొట్టుగల ధాన్యము. గింజను ఆహారమునకై వేరుచేయగా మిగిలిన పొట్టు ఆ మిల్లువారికి పెద్ద భారముగా నుండెను. దానిని మేపినను పశువులకు అంతగా బలము చేకూరదు. 1920వ సంవత్సర ప్రాంతమున, ఈ పొట్టును మంచి దాణాగా మార్చు ఉపాయమును వెదకు పని చికాగో నగరమందలి కార్ల్ మైనర్ అను రసాయనికుని పరిశోధనశాలకు అప్పగింపబడెను. దాణా మాట అటుండగా, ఆమ్లముతో ఉడికించిన పొట్టునుండి బాదముపప్పు వాసనగల తైలమొకటి ఆవిరితో కూడ వెలువడెను. దాని పేరు ఫర్‌ఫ్యూరాల్.

ఈ తైలము లోకమునకు క్రొత్తది కాదు. జర్మనీ దేశమున 1780లో ఒక బండి తోలువానికి యోహాన్ డోబరైనర్ అను కుమారుడు జన్మించెను. పేదరికముచేత పాఠశాల చదువు సాగక, అతడు బాల్యముననే మందుల దుకాణములో పనికి కుదిరెను. స్వయంకృషిచే రసాయన శాస్త్రము నభ్యసించి, 1810లో యేనా విశ్వవిద్యాలయమున ఆచార్యుడాయెను. చీమల ఆమ్లమును తయారుచేయుచుండగా అతనికి కొలదిగా లభించిన తైలమే ఫర్‌ఫ్యూరాల్. ఆ సంగతిని అతడు 1832లో ప్రకటించెను. ఊక, రంపపుపొట్టు మొదలగువానినుండియు ఇది లభించునని 1840లో స్కాట్లండు దేశీయుడగు స్టెన్‌హౌస్ తెలిపెను. లాటిన్ భాషలో ‘ఫర్‌ఫర్’ అనగా తవుడు. ఆ మాటనుండియే దీనికి పేరు వచ్చినది.

పొట్టు తైలమగుట యెట్లు? పొట్టులో చక్కెర అణువులు గొలుసులవలె ఒకదానితో నొకటి కూడియుండును. వేడినీటిలో కొంచెము గంధకికామ్లము చేర్చినచో ఆ గొలుసులు తెగి, జైలోజ్ అను చక్కెర యేర్పడును. ఈ చక్కెర అణువునందు ఐదు కర్బన పరమాణువులుండును. పిదప ఆమ్లమే దానినుండి మూడు నీటి అణువులను తొలగింపగా మిగిలినది ఫర్‌ఫ్యూరాల్. ఇంత పనిచేసియు ఆమ్లము తాను వ్యయమై పోదు. ఇట్టి పదార్థమునకు ఉత్ప్రేరకమని పేరు. దీనిని కొందఱు పాలలో వేయు తోడుతో పోల్చుదురు. ఆ పోలిక సరికాదు. తోడు పెరుగులో కలిసి తానును పెరుగుగనే మిగులును. పెండ్లిండ్ల పేరయ్యతో పోల్చుట మేలు. అతడు ఇరువురను కలిపి, మరల తన దారిన మఱియొక సంబంధమునకు పోవును. ప్లాటినము చేరువలో ఉదజని వాయువు తనంతట తానే అంటుకొనుటను 1823లో కనుగొన్నవాడును ఆ డోబరైనరే! కాని ఇట్టి చర్యలకు 1835లో ఒక పేరు పెట్టినవాడు స్వీడన్ దేశపు బెర్జీలియస్.

1922లో క్వేకర్ కంపెనీవారు ఫర్‌ఫ్యూరాల్‌ను విరివిగా తయారుచేయ నారంభించిరి. తయారుచేయుట సులభమే, కొనువారెవరు? దాని ఉపయోగము నెఱిగినవారు అప్పటికి మిక్కిలి అరుదు. కావున సరకుతోపాటు అవసరమును గూడ వారే వెదకవలసివచ్చెను. యంత్రములకు వాడు కందెన నూనెలను శుద్ధిచేయుటకు ఇది పనికివచ్చెను. రాగి కలిసిన ఉత్ప్రేరకముపై దీనికి ఉదజనిని చేర్చినచో మఱియొక ద్రవము లభించును. దానినుండి చేయు జిగురు, లోహపు పోతపనిలో ఇసుక అచ్చులు విడిపోకుండ పట్టియుంచును. నేటికిని ఫర్‌ఫ్యూరాల్‌లో అధికభాగము ఈ పనికే పోవుచున్నది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపానువారి వశమాయెను. అమెరికావారు కృత్రిమ రబ్బరును చేయవలసివచ్చినపుడు, అందుకు కావలసిన బ్యుటడయీన్ వాయువును శుద్ధిచేయుటకు ఈ పొట్టు తైలమే తోడ్పడెను. తరువాత డూపాంట్ కంపెనీవారు దీనినుండి నైలాను దారమునకు ముడిపదార్థమును చేసిరి. చౌకయైన ఖనిజ తైలము పోటీకి రాగా, 1961లో ఆ పద్ధతి నిలిచిపోయెను.

మఱియొక చిక్కు కలదు. పుట్టిన తైలము ఆమ్లములోనే యున్నచో చక్కెరతో కలిసి తారువంటి నల్లని ముద్దగా మారిపోవును. అందువలన ఆవిరిని పంపి దానిని వెంటనే బయటకు లాగుదురు. అట్లు చేసినను రావలసినదానిలో సుమారు సగము మాత్రమే దక్కును. ఆమ్లము పాత్రలను గూడ తినివేయును. వడగట్టి మరల మరల వాడుటకు వీలగు ఘన ఉత్ప్రేరకములకై శాస్త్రజ్ఞులు నేడు శ్రమించుచున్నారు.

మొక్కజొన్న కండెలలోను, చెరకు పిప్పిలోను ఇదే చక్కెర కలదు. మన పల్లెలలో బెల్లము వండునపుడు పిప్పిని ఎండబెట్టి పొయ్యిలో మండించుట బాలబాలికలు చూచియే యుందురు. డొమినికన్ గణరాజ్యమందలి లా రొమానాలో చక్కెర మిల్లు పిప్పినుండి ఫర్‌ఫ్యూరాల్‌ను తీయుదురు. తైలము నిచ్చిన పిదపను పిప్పి మండును గదా! ఇట్టి కర్మాగారములలో ఆ మిగిలినదే ఆవిరి బాయిలర్ల క్రింద వంటచెరకగుచున్నది.