టెలివిజన్ పాఠములలోని ప్రకటనలను తొలగించు విధము

ఉద్దానమున జీడిమామిడి పూతకు వచ్చు రోజులలో టీ దోమ నివారణను గూర్చి టెలివిజన్‌లో శాస్త్రజ్ఞుడొకరు చెప్పుచున్నారనుకొందము. ఏ మందు వాడవలెను, లీటరు నీటికి ఎంత కలుపవలెను అను మాట వచ్చునంతలో విరామము వచ్చును. ఆ విరామములో వేరొక పురుగుమందు ప్రకటన కనబడును. పచ్చని తోట, నవ్వుచున్న రైతు, తెరనిండ మందు పేరు! తరువాత శాస్త్రజ్ఞుడు మరల మాటలాడును. మరునాడు దుకాణమునకు పోయిన రైతు ఏ పేరు అడుగును? పెక్కుసార్లు ప్రకటనలోని పేరే. దానిని శాస్త్రజ్ఞుడే చెప్పినట్లు అతడు నమ్మును.

ప్రకటనకర్తలను మేము తప్పుపట్టుట లేదు. దూరదర్శన్‌లోనే 1976 జనవరి 1 నుండి వాణిజ్య ప్రకటనలు మొదలైనవి. ప్రైవేటు చానళ్లు చాలవరకు ఆ సొమ్ముతోనే నడచుచున్నవి. కాని రైతులు పొలమున నున్న వేళ వచ్చిన కార్యక్రమమును పట్టి యుంచి, సాయంకాలము పదిమందికి చూపదలచిన పంచాయతీ, పాఠమును ప్రకటననుండి వేరుచేసి చూపుట మేలు. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను తరువాత కొబ్బరి, జీడి తోటలను మరల నిలబెట్టుకొనవలసి వచ్చిన మన ప్రాంతమున, మందుల కగు వృథా వ్యయము చిన్న సంగతి కాదు.

మొదట రికార్డింగు. డీడీ ఫ్రీడిష్‌లోని ఉచిత చానళ్లను, పెన్‌డ్రైవ్ పెట్టు వీలున్న సెట్‌టాప్ బాక్సుతో పట్టవచ్చును. నెలచందా బాక్సులలో కొన్ని తాము పట్టినదానిని తమలో తప్ప వేరొకచోట ఆడనీయవు. కొనుటకు ముందే విచారింపవలెను. సెకనుకు 3 మెగాబిట్ల ప్రసారమైనచో గంటకు దాదాపు 1.35 గిగాబైట్ల స్థలము పట్టును.

ఇక కత్తిరింపు. అవిడెముక్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరు చాలును. కాని ఇచ్చట ఒక సంగతి గ్రహింపవలెను. టెలివిజన్ బొమ్మలు సెకనుకు 25 వచ్చును. అందులో ప్రతి బొమ్మయు సంపూర్ణముగా నుండదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ యుండును, దానిని కీఫ్రేమ్ అందురు. తక్కిన వానిలో మార్పులు మాత్రమే నిలువచేయబడును. అందువలన కత్తెర కీఫ్రేమ్ వద్దనే పడవలెను. లేనిచో బొమ్మ ముక్కలుముక్కలుగా చెదరును. పై, క్రింది బాణపు మీటలతో కీఫ్రేమ్‌ల మీదుగా నడచి, ప్రకటన మొదట ‘ఏ’ గుర్తును, చివర ‘బి’ గుర్తును పెట్టి, డిలీట్ నొక్కవలెను. వీడియో, ఆడియోలను ‘కాపీ’ అనుచోట నుంచి భద్రపరచినచో నాణ్యము తగ్గదు, పనియు త్వరగా ముగియును.

కీఫ్రేమ్ సరిగా కావలసిన చోట దొరకనప్పుడు ఎటు జరుగవలెను? ప్రకటన వైపునకే జరుగవలెను. ప్రకటన ముక్క అరసెకను మిగిలినను నష్టము లేదు. శాస్త్రజ్ఞుడు చెప్పిన మోతాదులో ఒక్క అంకె తెగినచో పంట పోవచ్చును.

ఈ కారణముచేతనే, ప్రకటనలను తమంతట తామే గుర్తించు కామ్‌స్కిప్ వంటి సాధనములను నమ్మి ఊరకుండుట మాకు సమ్మతము కాదు. అవి నల్లని తెరను, నిశ్శబ్దమును, చానలు గుర్తు మాయమగుటను ఆధారము చేసికొని ఊహించును. ఊహ తప్పినపుడు పాఠమే మాయమగును. కత్తిరించినదానిని ఒకరు ఆసాంతము చూచువరకు మూలమును చెరిపివేయరాదు.

కత్తెరకు లొంగని ప్రకటనలును గలవు. బొమ్మను మూలకు నెట్టి ప్రక్కన చూపునవి, తెర అడుగున పరుగెత్తునవి, వ్యాఖ్యాత నోటనే పలికించునవి. వీనిని గూర్చి చూచువారికి ముందుగా ఒక మాట చెప్పుటయే మార్గము.

చట్టము మాట. స్వంత ఉపయోగమునకును, నిజమైన బోధన, పరిశోధనలకును చేసికొన్న రికార్డింగు ప్రసారహక్కును ఉల్లంఘించినట్లు కాదని 1957 నాటి కాపీరైటు చట్టము 39వ సెక్షను చెప్పుచున్నది. రుసుము పుచ్చుకొని చూపుట, ప్రతులు తీసి పంచుట, ఊరి కేబులులో మరల ప్రసారము చేయుట దీనిక్రిందికి రావు. బహిరంగముగా చూపదలచినపుడు చానలు వారికి ఉత్తరము వ్రాసి అనుమతి పొందుట క్షేమము. తీర్మాన పుస్తకమున దానిని నమోదు చేయవలెను.

ప్రతి ఫైలు పేరులోను పంట, తెగులు, ప్రసారమైన తేదీ ఉండవలెను. మందుల సిఫారసులు మారుచుండును. కొన్ని మందులు నిషేధింపబడును కూడ. పాత కార్యక్రమమును చూపుటకు ముందు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమునో, 1800-180-1551 కిసాన్ కాల్ సెంటరునో అడిగి, ఆ మందు ఇప్పటికిని చెల్లునో లేదో తెలిసికొనవలెను.