నల్లమల–శేషాచలం వన్యప్రాణి కారిడార్: ఆవాస పర్యవేక్షణ, అటవీ అంచున సేద్యం

ఉపోద్ఘాతం

నంద్యాల జిల్లాలో యాగంటి క్షేత్రం నెలకొన్న ఎర్రమల కొండలకు, తూర్పున గల నల్లమల కొండలకు నడుమ కుందూ నది మైదానం విస్తరించి ఉంది. వరి, శనగ, పత్తి, జొన్న పండే ఈ సాగుభూమిని పెద్ద క్షీరదాలు దాటడం కష్టం. కావున నల్లమలలోని పెద్దపులి కొత్త ఆవాసం వెతుక్కోవడానికి ప్రధానంగా మిగిలిన దారి దక్షిణ దిక్కుది. అది ఆళ్లగడ్డకు తూర్పున అహోబిలం, రుద్రవరం అడవుల గుండా లంకమలకు, అక్కడ పెన్నా నదిని దాటి శేషాచలానికి చేరుతుంది. ఈ దారి మనుగడ అడవి నడిబొడ్డులో కంటే పొలాన్ని తాకే అంచున నిర్ణయమవుతుందని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కారిడార్ స్వరూపం, ఆవశ్యకత

నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. దానికి దక్షిణాన 1990లో ప్రకటితమైన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం సుమారు 1,194 చదరపు కిలోమీటర్ల మేర నంద్యాల, ఉమ్మడి ప్రకాశం జిల్లాలలో వ్యాపించి ఉంది. ఇది ఉత్తర, దక్షిణ ఆవాసాలను కలిపే లంకె.

పులి పిల్లలు సుమారు రెండేళ్ల వయస్సులో తల్లిని విడిచి సొంత పరిధిని వెతుక్కుంటాయి. దారి మూసుకుపోతే దగ్గరి బంధువుల మధ్యనే సంతానోత్పత్తి జరుగుతుంది. ఒడిశాలోని సిమ్లిపాల్ ఇందుకు ఉదాహరణ. ఇతర పులులతో సంబంధం తెగిన ఆ అడవిలో నల్లచారలు కలిసిపోయి దాదాపు నల్లగా కనిపించే పులులు పెరగడానికి ఒక జన్యు మార్పు కారణమని 2021లో వెలువడిన పరిశోధన తేల్చింది.

అవరోధాలు

నంద్యాల–గిద్దలూరు రహదారి, గుంటూరు–గుంతకల్లు రైలుమార్గం ఈ లంకెను అడ్డంగా కోస్తున్నాయి. పరిష్కారం లేకపోలేదు. కర్నూలు మీదుగా సాగే 44వ జాతీయ రహదారిపైనే, మహారాష్ట్రలోని పెంచ్ వద్ద, జంతువులు దాటడానికి 9 చోట్ల వంతెనల కింద దారులు విడిచారు. వాటిని పులితో సహా 18 జాతుల వన్యప్రాణులు వినియోగించుకున్నట్లు భారత వన్యప్రాణి సంస్థ 2019లో కెమెరా చిత్రాల ఆధారంగా వెల్లడించింది. ఇటువంటి దారులు ఎక్కడ నిర్మించాలో తెలియాలంటే జంతువులు దాటే చోట్లు ముందుగా నమోదై ఉండాలి.

ఆవాస పర్యవేక్షణ

ప్రతి నాలుగేళ్లకు జరిగే జాతీయ పులుల గణనలో సిబ్బంది పాదముద్రలు, గోళ్ల గీతలు, మల అవశేషాలు నమోదు చేస్తారు. నిర్ణీత సరళరేఖల వెంట నడచి దుప్పి, కణితి, మనుబోతు వంటి శాకాహారులను లెక్కిస్తారు. ట్రాప్ కెమెరాలను జంటగా, దారికి ఇరువైపులా అమరుస్తారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కూడా కుడి, ఎడమ చారలు వేరు. అందుచేత రెండు వైపులా చిత్రాలు అవసరం.

అయితే గణనకు, గణనకు మధ్య నిరంతర పరిశీలన కూడా కావాలి. 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్ద గుమ్మడాపురం గ్రామం చెంత నాలుగు పులి పిల్లలు కనిపించాయి. తల్లి టి-108గా నమోదైన పులి అని అటవీ శాఖ భావించి గాలించినా పిల్లలను తల్లి చెంతకు చేర్చడం సాధ్యపడలేదు. చివరకు వాటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించారు. గ్రామపు అంచు కూడా పులి ఆవాసంలో భాగమేనని ఈ ఘటన నిరూపించింది.

రైతులకు సూచనలు

• అడవిపందుల కోసం పొలం చుట్టూ విద్యుత్ తీగ అమర్చరాదు. అది పులిని, ఎలుగుబంటిని, పశువును, మనిషిని వేరుగా చూడదు. ఇది చట్టరీత్యా నేరం.
• క్షణకాలపు విద్యుత్ ఘాతం మాత్రమే ఇచ్చే ప్రామాణిక సౌర కంచెను ఇరుగుపొరుగు రైతులు ఉమ్మడిగా వేసుకోవచ్చు.
• వేరుశనగ, మొక్కజొన్న చేల గట్ల వెంట ముళ్ల కుసుమ లేదా ఆముదం వరుసలు వేయడం వలన పందుల బెడద కొంత తగ్గుతుంది.
• పాదముద్రలు కనిపిస్తే చెరపక, వెంటనే అటవీ సిబ్బందికి తెలపాలి. పిల్లలు కనిపిస్తే తాకరాదు, గుమికూడరాదు.

ముగింపు

2006లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం పులుల అభయారణ్యాలను కలిపే ప్రాంతాలకు కూడా రక్షణ కల్పించింది. కాని చట్టం గీసిన దారిలో ఒక్క రాత్రి ఒక్క తీగ అడ్డుపడినా పులి ప్రయాణం ముగిసిపోతుంది. కావున పంట నష్టానికి సకాలంలో పరిహారం అందించడం, సురక్షితమైన కంచెకు తోడ్పడడం కూడా వన్యప్రాణి సంరక్షణలో భాగంగానే పరిగణించాలి.