గది అద్దె మించితే బిల్లంతా సగం కోస్తారా?

ప్రశ్న: అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఐదు రోజులకు గది అద్దె 50,000, డాక్టరు, థియేటర్, నర్సింగ్ చార్జీలు లక్ష, మందులు, రాడ్డు, పరీక్షలకు 90,000, మొత్తం 2.40 లక్షలు అయింది. 5 లక్షల పాలసీ ఉంది. ఖరీదైన గది తీసుకున్నారంటూ కంపెనీ 1.20 లక్షలే ఇచ్చింది. మిగతాది వదులుకోవలసిందేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వదులుకోకండి. ముందు పాలసీలో గది అద్దె పరిమితి చూడండి. బీమా మొత్తంలో 1 శాతం అని ఉంటే రోజుకు 5,000. మీరు 10,000 గదిలో చేరారు. అప్పుడు గది అద్దెతో పాటు డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్ చార్జీలూ అదే నిష్పత్తిలో సగమవుతాయి. షరతు పాలసీలో రాసి ఉంటే ఆ కోత చెల్లుతుంది.

కానీ మందులు, శరీరంలో అమర్చే రాడ్డు, రోగనిర్ధారణ పరీక్షలు, ఐసీయూ చార్జీల మీద ఈ కోత వేయరాదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి అయితే ఫీజులకూ కోత ఉండదు.

ఆ లెక్కన మీకు 25,000, 50,000, 90,000 కలిపి 1.65 లక్షలు రావాలి. ఇంకా 45,000 బాకీ.

ఏ పద్దులో ఎంత, ఏ షరతు కింద తగ్గించారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే. మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. అయితే ముందే కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. ఈ వరుస తప్పకండి.

ఇంకొక్క మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ తీసేశారు. రెన్యువల్ వేళ ఆ మిగులును గది అద్దె పరిమితి లేని పాలసీకి పెట్టండి. ప్రీమియంలో నాలుగు రూపాయలు తగ్గాయని పరిమితి ఉన్న పాలసీకే సంతకం చేస్తే, ఆ తేడా ఆసుపత్రి కౌంటర్ దగ్గర మీరే కట్టాలి.