టూల్ పెట్టిన పేరు, యజమాని పెట్టాల్సిన పేరు

కోడ్ పుట్టించే టూల్ మా యాప్ ప్యాకేజీకి కామ్.ఎగ్జాంపుల్ అని పేరు పెట్టింది. అలాగే ఉంచేయొచ్చా?

కాలేజీ ప్రాజెక్టుకైతే ఫర్వాలేదు. ప్లే స్టోర్ మాత్రం ఆ పేరును తీసుకోదు. మనం ఏమీ చెప్పకపోతే ఫ్లట్టర్, స్ప్రింగ్ ఇనిషియలైజర్ రెండూ అదే రాసేస్తాయి. అందుకే టూల్ నడిపే ముందే పేరు తేల్చుకోండి.

ఏ పేరు పెట్టాలి?

మీరు కొన్న డొమైన్‌లోని భాగాలను వెనక నుంచి ముందుకు, అన్నీ చిన్న అక్షరాల్లో రాయండి. మధ్యలో హైఫన్ ఉంటే అండర్‌స్కోర్ పెట్టండి. మీది కాని డొమైన్ జోలికి పోవద్దు. ముఖ్యంగా ప్రైవేటు యాప్‌కు గవ్.ఇన్ వాడితే జనం దాన్ని సర్కారు యాప్ అనుకుని వివరాలు ఇచ్చేస్తారు.

మా విత్తనాల దుకాణానికి బ్రాంచీలున్న కామారెడ్డి, ఎల్లారెడ్డి పేర్లు ప్యాకేజీ పేరులో చేర్చుకోవచ్చా?

నిషేధం లేదు, కానీ నేను వద్దనే అంటాను. 2016 అక్టోబర్ 11 దాకా ఈ రెండూ నిజామాబాద్ జిల్లాలో ఉన్నాయి. 2014 జూన్ 2కు ముందు రాష్ట్రమే వేరు. బండి నంబర్లలో టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024లోనే. ఊళ్ల వివరాలు ఇలా మారుతుంటాయి, కానీ ప్లే స్టోర్‌కు ఎక్కిన అప్లికేషన్ ఐడీకి, అంటే స్టోర్ యాప్‌ను గుర్తుపట్టే పేరుకు, మారే వెసులుబాటు లేదు. కోడ్‌లోని ప్యాకేజీ పేరు తర్వాతైనా సరిచేసుకోవచ్చు. ఐడీ మారిస్తే మాత్రం అది కొత్త యాపే: పాత వాడుకదారులకు అప్‌డేట్ వెళ్లదు, రేటింగ్‌లు వెంట రావు. జిల్లా, మండలం, బ్రాంచి వంటివి డేటాబేస్‌లో ఉండాలి. విత్తనాల దుకాణానికి రెండు ఊళ్లలో బ్రాంచీలున్నా ప్యాకేజీ ఒక్కటే చాలు.

లోపలి ఫోల్డర్ల సంగతి?

చాలా టూల్స్ కంట్రోలర్, సర్వీస్, రిపాజిటరీ అని విడగొడతాయి. యాప్ పెరిగే కొద్దీ బిల్లులు, స్టాకు, ఖాతాదారులు అని పనిని బట్టి విడగొట్టుకోవడమే మేలు. టూల్ పుట్టించిన ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో ఉండాలి. వాటిలో చేత్తో దిద్దినది టూల్‌ను మళ్లీ నడిపితే చెరిగిపోతుంది.

కోడ్ ఎవరి సొంతం?

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 2(డి)(6) ప్రకారం, కంప్యూటర్ పుట్టించిన రచనకు కర్త అది పుట్టేలా చేసిన వ్యక్తి. టూల్ తనలోంచి కాపీ చేసి పెట్టిన భాగాలకు మాత్రం ఆ టూల్ లైసెన్సు షరతులు చూసుకోవాలి. జీతానికి పనిచేసేవారు ఉద్యోగంలో భాగంగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే.

డబ్బిచ్చి బయటివారితో రాయించుకుంటే?

ఇక్కడే దుకాణదారులు నష్టపోతారు. డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు రాదు. సెక్షన్ 19 ప్రకారం రాసినవారి సంతకంతో రాతపూర్వక బదిలీ కావాలి. అందులో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది. కాబట్టి గడువు రాయించండి. యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టే ప్లే కన్సోల్ ఖాతాను కూడా మీ పేరుతోనే తెరవండి.