మన ఊళ్ళ గాలి – ఋతువులు – పొగ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం లాంటిది రాయమని అడిగారు. నేను ఎం.ఎస్సీ.లో చదువుకున్న వాటిలో మనవాళ్ళకు పనికొచ్చేది ఏమిటా అని ఆలోచించి, గాలి గురించి రాస్తున్నాను. "అడవి పక్క ఊరు, గాలికేం తక్కువ" అని మనమంతా అనుకుంటాం. పీజీకి వచ్చేదాకా నేనూ అలాగే నమ్మాను.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వస్తుంటే గుట్టలు, అడవి మొదలవుతాయి. గోదావరి దాటితే దుమ్ముగూడెం, చర్ల. చాలా ఊళ్ళు గుట్టల నడుమ పల్లంలో ఉంటాయి. మన గాలి సంగతి అర్థం కావాలంటే ముందు ఈ పల్లాన్ని గుర్తు పెట్టుకోవాలి.

పైకి పోయేకొద్దీ ప్రతి 165 మీటర్లకు 1 డిగ్రీ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని బడిలో చదువుకున్నాం. చలికాలపు రాత్రి ఈ లెక్క తలకిందులవుతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని త్వరగా పోగొట్టుకుంటుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. గుట్టల మీది చల్లగాలి కూడా జారి పల్లంలోకి చేరుతుంది. ఆ పైన వెచ్చని గాలి మూతలాగా కూర్చుంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఇక పొయ్యిల పొగ, చలిమంటల పొగ, చేలల్లో పత్తికట్టె కాల్చిన పొగ, బొగ్గు లారీలు లేపిన దుమ్ము పైకి పోలేక అక్కడే నిలబడతాయి. డిసెంబరులో తెల్లవారుజామున హాస్టల్ గేటు ముందు తెల్లగా కనిపించేది మంచే, కానీ ఒట్టి మంచు కాదు. మనం దాన్ని పొగమంచు అనడం సరిగ్గానే ఉంది.

ఎండెక్కి నేల వేడెక్కితేనే ఆ మూత లేస్తుంది. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం ఐదింటికే పరుగు తీసే అన్నలకు నా మాట ఒక్కటే: చలికాలంలో ఆ పరుగును ఎనిమిది దాటాకో, సాయంత్రం నాలుగింటికో పెట్టుకోండి. పరుగెత్తేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాం.

పొగలో మనకు ఎక్కువ హాని చేసేది కంటికి కనబడని నలుసు. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవాటిని పి.ఎం. 2.5 అంటారు. మన వెంట్రుక మందమే 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. ఇవి ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం 2009లో ప్రమాణం పెట్టుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది.

ఇక్కడొక పొరపాటు సరిచేయాలి. పాల్వంచ థర్మల్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చారు. వాటిలోంచి వచ్చేది పొగ అని చిన్నప్పుడు బస్సులోంచి వేలు పెట్టి చూపించేవాళ్ళం. అది నీటి ఆవిరి. పొగ వచ్చేది పక్కనుండే సన్నటి పొడుగాటి చిమ్నీల నుంచి.

ఎండాకాలం వేరు. వేడిగాలి బాగా పైకి లేస్తుంది కనుక ఊరి పొగ నిలవదు. కానీ అప్పుడు అడవి కాలుతుంది. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు కాలుస్తారు. తునికి చెట్లకు లేత ఆకు రావాలని పొదలకు నిప్పు పెడతారు. ఆ మంట ఒక్కోసారి గుట్టెక్కుతుంది. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల సాయంతో 2004 నుంచి ఇలాంటి మంటలను గుర్తించి అటవీ శాఖకు కబురు పంపుతోంది. నిప్పు పెట్టినవాళ్ళదే తప్పని చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. మా అమ్మ కూడా ఇప్పపువ్వు ఏరింది. ఆ రెండు నెలలు వేరే కూలి ఉండేది కాదు.

వానాకాలం గాలిని కడుగుతుంది, బయట. ఇంట్లో సంగతి అడగొద్దు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చిన వానల్లో మా ఇంట్లో ఎండుపుల్ల లేదు. తడి కట్టె మండదు, పొగుస్తుంది. తలుపు తీస్తే జల్లు. అమ్మ ఆ పొగలోనే వండింది.

తర్వాతి చలికాలం ఆమెకు ఆయాసం ఎక్కువైంది. డాక్టరు మొదట "బీడీ తాగుతావా" అని అడిగారు. ఆమె ఎన్నడూ తాగలేదు. "కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్ళు వండావు?" అనేది రెండో ప్రశ్న. అమ్మ వేళ్ళు లెక్కపెట్టి, ఆగి, నా వైపు చూసింది. ఇళ్ళలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ అంకె నేను అప్పటికే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంటి పొయ్యి గుర్తుకు రాలేదు.

గ్యాసు బండ ఉంది. ధర చూసి అమ్మ దాన్ని టీకి మాత్రమే వెలిగిస్తుంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో నేనూ చెల్లీ కలిసి పొయ్యిని వసారాలోకి మార్చాం. కట్టెలు తడవకుండా పైన రెండు రేకులు వేశాం. చెల్లి ఇప్పుడు పొయ్యి పక్కన కూర్చుని చదవడం లేదు.