సంతకములోని మరుగు మాట

సంతకమునకు రెండు పనులు కలవు. వ్రాసినవాడు ఫలానావాడే యని తెలుపుట మొదటిది. వ్రాసిన పిదప పత్రములో నెవ్వరును మార్పు చేయలేదని సాక్ష్యమిచ్చుట రెండవది. మన కృష్ణాతీరమున భూమిని క్రయము చేయు రైతు మొదలుకొని, పాఠశాలకు పిల్లవాని ధ్రువపత్రము తెచ్చు తండ్రి వరకు, అందరును ఈ రెండు పనులను నమ్మియే సంతకమును గౌరవించుచున్నారు. అయితే సంతకము మూడవ పనియు చేయగలదు. అది యొక రహస్య వార్తను తనలో దాచుకొని మోయగలదు. సంతకమును పరీక్షించువారికి సైతము ఆ వార్త కానరాదు. ఆ మూడవ పనిని గూర్చియే మేమీ వ్యాసమున వివరింప దలచితిమి.

డిజిటల్ సంతకమనగా నేమి?

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము మన దేశమున డిజిటల్ సంతకమునకు న్యాయసమ్మతమైన విలువ నొసగెను. 2011లో ఆరంభమైన మీసేవ కేంద్రములు ప్రజల కిచ్చిన ధ్రువపత్రములపై నున్నది ఇట్టి సంతకమే. విజయవాడలో కంట్రాక్టరులును ఆడిటరులును చిన్న టోకెనులో భద్రపరచుకొని వాడుకొనునదియు నిదియే.

ఇది సిరాతో గీసిన గీత కాదు, కేవలము సంఖ్య. సంతకము చేయువాని యొద్ద రహస్య సంఖ్య యొకటి యుండును. దానినుండి గణించిన బహిరంగ సంఖ్య లోకమున కెల్ల తెలియును. బహిరంగ సంఖ్యను చూచి రహస్య సంఖ్యను కనుగొనుట నేటి యంత్రములకు సాధ్యము కాదు. పత్రము ఎంత పెద్దదైనను దాని నొక సంగ్రహ సంఖ్యగా కుదింతురు. ఆ సంగ్రహ సంఖ్యను రహస్య సంఖ్యతో కలిపి గణించినచో సంతకము పుట్టును. బహిరంగ సంఖ్య తెలిసిన ప్రతివాడును దానిని పరీక్షింపవచ్చును.

పెక్కు పద్ధతులలో మరియొక సంఖ్యయు కావలెను. ప్రతి సంతకమునకును యంత్రము కొత్తగా నొక సంఖ్యను తన యిచ్ఛ వచ్చినట్లు ఎన్నుకొనును. దీనిని మనము ఐచ్ఛిక సంఖ్య యందము. కావున ఒకే పత్రమునకు, ఒకే వ్యక్తి, వేర్వేరు సంతకములు పెక్కు చేయవచ్చును. అన్నియు సరియైనవే. మరుగు మాట దాగు చోటు ఈ యిచ్ఛయే.

గర్భకవిత్వపు పోలిక

తెలుగు చదువుకొన్నవారికి ఈ సంగతి క్రొత్తగా తోచదు. మన కవులు గర్భకవిత్వమను విద్యను సాధన చేసిరి. చంపకమాలలో కందపద్యము నిముడ్చుట దానికొక దృష్టాంతము. చదువువాడు గణములను, యతిని, ప్రాసను పరీక్షించి, చంపకమాల నిర్దుష్టముగ నున్నదని సంతసించును. లోపల కందమున్నదని యెరిగినవాడు మాత్రమే దానిని వెలికి తీయును. ఇది యెట్లు సాధ్యమైనది? ఛందస్సు కవిని కట్టివేసినది గాని పూర్తిగా కట్టివేయలేదు. ఒక భావమునకు పెక్కు పదములు కలవు. వానిలో దేనిని గైకొనుటయో కవి యిచ్ఛ. ఆ యిచ్ఛయే రెండవ పద్యమునకు చోటిచ్చినది. పరీక్ష యెంత కఠినమైనను, పరీక్షకు లోబడని యిచ్ఛ యేమాత్రము మిగిలినను, అందు మరియొక మాట దాగవచ్చును. ఇదియే మా పాఠమునకు మూలసూత్రము.

ఈ విషయ మెట్లు బయలుపడెను?

1970ల చివర అమెరికా, సోవియట్ దేశములు అణ్వస్త్రముల సంఖ్యను తగ్గించుకొనుటకు సంప్రదింపులు జరుపుచుండెను. ఒకరి మాట నొకరు నమ్మరు. కావున క్షిపణులుండు గోతులలో ఎదుటి పక్షమువారి యంత్రము నుంచి, అది పంపు వార్తపై సంతకముండవలెనని యోచించిరి. గోతిలో క్షిపణి కలదో లేదో యంత్రము చెప్పవలెను; అది ఏ గోతియో మాత్రము చెప్పరాదు. చెప్పినచో యుద్ధమున ఆ గోతిపైననే దెబ్బ పడును. శాండియా జాతీయ ప్రయోగశాలలో పనిచేయుచుండిన గస్టవస్ సిమ్మన్స్ అను గణితవేత్త ఈ యేర్పాటును పరిశీలించి, సంతకములోనే కొన్ని బిట్ల వార్తను దాచి పంపవచ్చునని కనిపెట్టెను. వేయి గోతులున్న వనుకొనుడు. 2 యొక్క 10వ ఘాతము 1024 గనుక, ఏ గోతియో తెలుపుటకు పది బిట్లు చాలును!

1983లో ఆయన ఈ విషయమును ఇద్దరు ఖైదీల సమస్యగా ప్రకటించెను. వేర్వేరు గదులలో నున్న ఖైదీలు జైలరు చేతిమీదుగానే ఉత్తరములు పంపుకొనవలెను. జైలరు ప్రతి యక్షరమును చదువును, సంతకమును పరీక్షించును. ఆయినను వారు సంతకములోనే పలాయనపు యోచన చేసికొందురు. 1991లో అమెరికా ప్రభుత్వము ప్రతిపాదించి 1994లో ప్రమాణముగ స్వీకరించిన డి.ఎస్.ఏ. పద్ధతిలో ఈ పని మిక్కిలి సులభమని కూడ సిమ్మన్స్ 1993లో చూపెను. 2023 నాటి ప్రమాణము కొత్త సంతకములకు డి.ఎస్.ఏ.ను మాన్పించెను. అయినను దాని సోదరియగు ఇ.సి.డి.ఎస్.ఏ. వాడుకలో నున్నది, అందును ఐచ్ఛిక సంఖ్య కలదు.

ఇది దూరదేశపు కథ యని మీరు తలపవలదు. 2014 నాటి రాష్ట్ర విభజన చట్టమునుబట్టి కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏర్పడినది. రెండు రాష్ట్రములును ఎంతెంత నీరు తీసికొనుచున్నవో టెలిమెట్రీ యంత్రములచే కొలిపించుట ఆ బోర్డు ముందుకు వచ్చిన పనులలో నొకటి. ఒకరి నేలపై నుండు యంత్రపు మాటను ఉభయులును నమ్మవలెను. అట్టి యంత్రము తన లెక్కపై సంతకము చేసి పంపునని యూహింపుడు. లెక్క సరియైనదేనా యని మాత్రమే మనము అడిగినచో చాలదు. సంతకములో మరి యేమి పోవుచున్నదని కూడ అడుగవలెను.

చిన్న లెక్క

నిజమైన సంతకములలో మిక్కిలి పెద్ద సంఖ్యలుండును. మనము 23, 11 అను చిన్న సంఖ్యలతో సరిపెట్టుకొందము. 2 యొక్క 11వ ఘాతము 2048. దానిని 23చే భాగింప శేషము 1. అందుచేతనే ఈ రెండు సంఖ్యలును జతగా పనికివచ్చును.

రహస్య సంఖ్య 7 అనుకొనుడు. 2 యొక్క 7వ ఘాతము 128. 23చే భాగింప శేషము 13. ఇది బహిరంగ సంఖ్య. పత్రపు సంగ్రహ సంఖ్య 5. ఐచ్ఛిక సంఖ్యగా 3ను గైకొందము. 2 యొక్క 3వ ఘాతము 8. దీనిని 23చేతను, పిదప 11చేతను భాగించినను శేషము 8గానే యుండును. ఇది సంతకపు మొదటి భాగము.

8ని రహస్య సంఖ్యయగు 7చే గుణింప 56. సంగ్రహ సంఖ్య 5 కూడగా 61. దీనిని ఐచ్ఛిక సంఖ్యయగు 3చే భాగింపవలెను. శేషగణితమున భాగించుటకు బదులు విలోమముచే గుణింతురు. 3ను 4చే గుణింప 12. 11చే భాగింప శేషము 1. కావున 3కు విలోమము 4. 61ని 4చే గుణింప 244. 11చే భాగింప శేషము 2. ఇది రెండవ భాగము. సంతకము (8, 2).

పరీక్షించువానికి 7 తెలియదు, 13 తెలియును. రెండవ భాగమగు 2కు విలోమము 6. 5ను 6చే గుణించి 11చే భాగింప శేషము 8. 8ని 6చే గుణించి యట్లే భాగింప శేషము 4. ఇక 2 యొక్క 8వ ఘాతమును 23చే భాగింప శేషము 3; 13 యొక్క 4వ ఘాతమును అట్లే భాగింప శేషము 18. 3, 18ల లబ్ధము 54. 23చే భాగింప శేషము 8. దీనిని 11చే భాగించినను శేషము 8యే. సంతకపు మొదటి భాగముతో సరిపోయినది గనుక సంతకము మంచిది.

ఇప్పుడు ఐచ్ఛిక సంఖ్యగా 3కు మారుగ 4ను గైకొనుడు. సంతకము (5, 10) అగును. అదియు పరీక్షలో నిలుచును. మొదటి భాగము సరిసంఖ్యయైనచో "అవును", బేసిసంఖ్యయైనచో "కాదు" అని ఇద్దరు ముందుగా ఒడంబడిరనుకొనుడు. (8, 2) "అవును" అనినది. (5, 10) "కాదు" అనినది. పత్రము మాత్రము ఒక్కటే! ఇది ఇరుకు మార్గము. ఒక బిట్టునకు సగటున రెండు ప్రయత్నములు, పది బిట్లకు 1024 ప్రయత్నములు కావలెను. యంత్రమున కది యెంత పని?

విశాల మార్గము మరియొకటి కలదు. వార్తనే సంకేతలిపిలోనికి మార్చి ఐచ్ఛిక సంఖ్యగా వాడుట. రహస్య సంఖ్య 7 తెలిసిన మిత్రుడు 61ని, రెండవ భాగపు విలోమమగు 6చే గుణించును. 366 వచ్చును, 11చే భాగింప శేషము 3. ఐచ్ఛిక సంఖ్య బయటపడినది. 1994 నాటి డి.ఎస్.ఏ.లో సంతకపు ఒక్కొక్క భాగము 160 బిట్లు. అనగా ఒక్క సంతకములో దాదాపు ఇరువది ఇంగ్లీషు అక్షరముల వార్త పోవును. అయితే మిత్రునికి రహస్య సంఖ్యను అప్పగించుటచే, అతడు మన పేరిట సంతకము చేయగల ప్రమాదమును వెంటవచ్చును.

అసలు అపాయము

లెక్కను తిరుగవేసి చూడుడు. ఐచ్ఛిక సంఖ్య 3 అని పరుడెవడైన నెరిగినచో, రెండవ భాగమగు 2ను 3చే గుణించి 5ను తీసివేయును, 1 మిగులును. దానిని 8కి విలోమమగు 7చే గుణింప 7 వచ్చును. అది మన రహస్య సంఖ్య! ఐచ్ఛిక సంఖ్య ఒక్కసారి బయటపడినను సర్వము పోయినట్లే. ఒక యాటల యంత్రపు నిర్మాతలు ప్రతి సంతకమునకును ఒకే ఐచ్ఛిక సంఖ్యను వాడిరని 2010లో బయటపడెను. రెండు సంతకములను పోల్చి రహస్య సంఖ్యను గణించుటకు అదియే చాలెను. అది ప్లేస్టేషన్ 3 కథ.

అది అజాగ్రత్త. బుద్ధిపూర్వకముగ చేసినచో నేమగును? సంతక యంత్రమును చేసినవాడే ఐచ్ఛిక సంఖ్యను తనకు మాత్రము తెలియు రీతిని ఎన్నుకొనునట్లు చేయవచ్చునని ఆడమ్ యంగ్, మోటి యూంగ్ అను పండితులు 1996లో చూపిరి. యజమాని సంతకము చేయుచునే యుండును. పరీక్షలన్నియు నెగ్గుచునే యుండును. అతని రహస్యము అతని సంతకములగుండనే నిర్మాతకు చేరుచుండును. తాళము చేసినవాడు మారుతాళపుచెవి దాచుకొనినట్లే కదా!

నివారణోపాయములు

అవధానమున నిషిద్ధాక్షరి యని యొక యంశము కలదు. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగ నుండిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, వారి జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును ఆంధ్రదేశమున ప్రసిద్ధి గావించిన విద్య యీ యవధానము. అవధాని ఒక్కొక్క యక్షరము చెప్పుచుండగా, పృచ్ఛకుడు తరువాత రాదగిన యక్షరమును నిషేధించుచు పోవును. ముందుగా కట్టి తెచ్చిన పద్యము అక్కడ చెల్లదు. సంతకమునకును ఇదియే మందు. ఐచ్ఛిక సంఖ్యను సంతకము చేయువాడొక్కడే ఎన్నుకొనక, జైలరు కూడ అందు చేయి పెట్టునట్లు ఏర్పాటు చేసినచో మరుగు మాట చెడిపోవును.

రెండవ యుపాయము, ఇచ్ఛనే తీసివేయుట. ఐచ్ఛిక సంఖ్యను రహస్య సంఖ్యనుండియు పత్రమునుండియు నియమము ప్రకారము గణింపవలెనని 2013లో నొక విధానము ప్రకటింపబడెను. ఇది అజాగ్రత్తను మాన్పును. కాని యంత్రము నిజముగ ఆ నియమమును పాటించెనా యని వెలుపలివారు తెలిసికొనజాలరు. ఆర్.ఎస్.ఏ. పద్ధతిలోని పాత రూపమున ఐచ్ఛిక సంఖ్యయే లేదు. ఒక పత్రమునకు ఒకే సంతకము. దానిలో ఈ మార్గమునకు చోటు లేదు.

తలిదండ్రులకును విద్యార్థులకును మా మనవి యిది. సంతకము సరిపోయినదని చూచి సంతకము చేసిన యంత్రమును కూడ నమ్మవలదు. అవి రెండును వేరు ప్రశ్నలు. మీ టోకెనును, దాని పిన్ సంఖ్యను పని త్వరగ జరుగునని పరుల చేతి కీయవలదు. ఉభయ పక్షములును నమ్మవలసిన యంత్రమైనచో, దాని లోపలి నియమములను ఉభయ పక్షములును పరిశీలింపవలెను. గణితము మనలను రక్షించును; అయితే దానిలో నెవరి యిచ్ఛ మిగిలియున్నదో యెరిగినవారినే రక్షించును.

అభ్యాసములు

1. పై లెక్కలో (6, 4) అను సంతకము వచ్చినది. రహస్య సంఖ్య 7, సంగ్రహ సంఖ్య 5. ఐచ్ఛిక సంఖ్య యేది?

2. 1 మొదలు 10 వరకు ఐచ్ఛిక సంఖ్యలను గైకొని, సంతకపు మొదటి భాగము లేవి సరిసంఖ్యలో, ఏవి బేసిసంఖ్యలో పట్టిక వ్రాయుడు.

3. గర్భకవిత్వమునకును మరుగు మాటగల సంతకమునకును గల ఒక పోలికను, ఒక భేదమును వివరింపుడు.